కలవని గీతల్ని కలపకండి

మీరు ఫిజిక్స్ లెక్చరరుగా చేరబోతున్నారు కాబట్టి ముందే ఒక మాట. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల గురించి నన్ను అడగొద్దు. అవి చెప్పేవాళ్లు స్టాఫ్ రూములో ప్రతి కుర్చీలోనూ ఉంటారు. నేను పెనుకొండలో మొదలుపెట్టి, హిందూపురంలో ఎక్కువ కాలం చేసి, ధర్మవరంలో రిటైరయ్యాను. మూడు ఊళ్లలోనూ నేర్చుకున్నది ఒకటే. పాఠం చెప్పడం కష్టం కాదు. పిల్లలు జవాబు ముందే రాసేసుకోకుండా ఆపడం కష్టం. నన్ను మొండిదన్నారు, నోటిదురుసు మనిషన్నారు. రెండూ నిజమే. ఆ రెండూ లేనివాళ్లు ఈ ఉద్యోగంలో జీతం మాత్రమే తీసుకోగలరని కూడా చెబుతున్నాను.

ఇందులో క్వాంటం కేయాస్ కొంచెం వస్తుంది. బెదిరిపోకండి. క్యారమ్ బోర్డు, ముగ్గుపిండి తెలిస్తే చాలు.

రికార్డు నిండాలి

నా మొదటి కాలేజీ పెనుకొండలో. సీనియర్ లెక్చరర్ రామప్ప సార్ మంచి మనిషి. కొత్తగా వచ్చానని తన టిఫిన్ బాక్సులోంచి ఉగ్గాని తీసి పెట్టేవారు. ల్యాబు నడిపే పద్ధతి కూడా ఆయనే నేర్పారు.

"చూడమ్మా, లోలకం దారం తెగినా, వాచీ ఆగినా, పిల్లోల్లకి భూమి ఆకర్షణ తొమ్మిదివందల ఎనభయ్యే రావల్ల. అందుకని ముందు అది రాసేయమను. ఆడినుంచి ఎనక్కి లెక్కేసుకుంటా వస్తే రీడింగులు వాటంతట అవే దిగుతాయి" అన్నారు.

"మరి ప్రయోగం ఎందుకు సార్?"

"రికార్డు నిండల్ల కదమ్మా."

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షలో ఒక పిల్లాడి లోలకం గుండు మొదట్లోనే ఊడి బెంచీ కిందికి దొర్లిపోయింది. వాడు దాన్ని వెతకనైనా వెతకలేదు. బుద్ధిగా కూర్చుని రాసుకున్నాడు. భూమి గురుత్వాకర్షణ అందరికన్నా వాడికే సరిగ్గా వచ్చింది. మార్కులూ వాడికే ఎక్కువ వచ్చాయి.

మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను, ఇంటికెళ్లాక ఏడ్చాను. వాడి మీద నాకు కోపం లేదు. వాడికి మేం నేర్పింది అదే. జవాబు పుస్తకంలో ఉంటుంది, లోకం పని దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడటమే అని నేర్పాం. రామప్ప సార్ దగ్గర ఉగ్గాని తిన్నాను గానీ ఆ పద్ధతి మాత్రం తీసుకోలేదు. నా ల్యాబులో గుండు ఊడితే "గుండు ఊడింది" అని రాయాల్సిందే. దానికి మార్కులు కూడా వేశాను. తిట్లు తిన్నాను.

గుండ్రం మూల

హిందూపురం వచ్చాక ఒక వేసవిలో పెద్ద యూనివర్సిటీలో శిక్షణకు పంపారు. ఒక ప్రొఫెసర్ కేయాస్ గురించి బాగా చెప్పారు. చివర్లో, మన కంటికి కనబడే వస్తువుల్లో ఉన్న కేయాస్ ఎలక్ట్రాన్ల దగ్గరికి దిగేసరికి అలాగే ఉండదని ఒక్క ముక్క అని వదిలేశారు.

"మరి ఏమవుతుంది సార్?" అని లేచి అడిగాను.

"అది డిగ్రీ స్థాయికి అక్కర్లేదమ్మా. మీ పిల్లలకి అసలే అక్కర్లేదు."

మిగతాదంతా ఎలా ఉన్నా, ఆ 'మీ పిల్లలకి' అన్న మాట నాకు ముల్లులా దిగింది. ఆ శిక్షణలో మిగిలిన రోజులు మధ్యాహ్నం పూట లైబ్రరీలోనే కూర్చున్నాను. సగం అర్థమైంది. సగం అర్థమైన విషయం మనిషిని ఊరికే ఉండనివ్వదు.

తిరిగొచ్చాక ఒక క్యారమ్ బోర్డు కొని వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాను. పాకెట్లు మూసేయమన్నాను, ఒక మూలను పూర్తిగా గుండ్రం చేయమన్నాను.

"ఏం మేడమ్, కొత్త బోర్డు కదా, పాడైపోతాది" అన్నాడు.

"పాడు చేసేదానికే దుడ్లు ఇస్తాండా. కొయ్యప్పా" అన్నాను.

ఆ బోర్డు క్లాసులో పెట్టి పిల్లల చేత కొట్టించాను. మామూలు బోర్డు మీద స్ట్రైకరును ఒకసారి కొట్టి, మళ్లీ రవ్వంత పక్కకు తిప్పి కొడితే, రెండు దారులూ చాలాసేపు పక్కపక్కనే నడుస్తాయి. గుండ్రం మూల ఉన్న బోర్డు మీద అలా కాదు. ఆ వంపుకు తగిలిన ప్రతిసారీ ఆ రవ్వంత తేడా పెరుగుతుంది. నాలుగైదు దెబ్బలయ్యేసరికి ఒకటి తూర్పుకు, ఇంకొకటి పడమటికి పోతుంది. రూలు మాత్రం మారలేదు, ఏ కోణంలో వచ్చి గోడకు తగిలిందో అదే కోణంలో తిరుగుతుంది. అయినా ముందు ఏమవుతుందో చెప్పలేం, ఎందుకంటే మొదలుపెట్టిన చోటు వెంట్రుకవాసి తప్పకుండా చెప్పడం మన వల్ల కాదు. రాపిడే లేకపోతే ఆ స్ట్రైకరు బోర్డులో ఏ జాగానూ వదలకుండా తిరుగుతుంది. కేయాస్ అంటే ఇంతే.

ఇప్పుడు ఇదే ఆకారంలో కంటికి ఆననంత చిన్న దొడ్డి కట్టి, అందులోకి ఒక ఎలక్ట్రాన్‌ను తోలండి. ఎలక్ట్రాన్ స్ట్రైకరు కాదు. దానికి గీత గీసినట్టు ఒక దారి ఉండదు, దొడ్డంతా అలలా పరుచుకుంటుంది. మొదట కొద్దిసేపు ఆ అల కూడా స్ట్రైకరు అడుగుజాడల్లోనే పోతుంది. ఆ తర్వాత దాని లెక్క వేరు. దాదాపు ఒకేలా ఉన్న రెండు అలల్ని మొదలుపెడితే, ఎంతసేపైనా అవి అంతే దగ్గరగా ఉంటాయి. స్ట్రైకరు దారుల్లా తూర్పుకొకటి, పడమటికొకటి పోవు.

మరి కేయాస్ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, అల ఆకారంలోకి దిగింది. దొడ్డిలో స్థిరపడిన అలలో అసలు కదలిక లేని చోట్లు గీతలుగా కనిపిస్తాయి. నాలుగు మూలలూ సరిగ్గా ఉంటే ఆ గీతలు నిలువుగా అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకుంటూ గళ్ల చీరలా ఉంటాయి. ఒక మూల గుండ్రం చేశారా, గీతలు దగ్గరికి వస్తాయి, ఇక కలుస్తాయి అనుకున్న చోట పక్కకు తిరిగి వెళ్లిపోతాయి. మాటల్లేని తోడికోడళ్లు వీధిలో ఎదురుపడ్డట్టు.

వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి అడిగింది. "ఎలక్ట్రాన్‌ను మనం చూడలేం కద మేడమ్. మల్ల మీరు చెప్పేది నిజమని ఎట్ల నమ్మల్ల?"

నా సర్వీసులో నన్ను అడిగిన ప్రశ్నల్లో అంత మంచిది లేదు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

దీంతో ఏమొస్తాది?

ఈ ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు, కాబట్టి సిద్ధంగా ఉండండి. హిందూపురంలో ఒక తండ్రి కాలేజీకే వచ్చి అడిగాడు.

"సిలబస్‌లో లేనిదంతా చెప్తాండారంట. దీంతో ఏం ఉద్యోగమొస్తాది మేడమ్?"

"ఏమీ రాదప్పా" అన్నాను.

ఆయన బిత్తరపోయాడు. వస్తుందని బుకాయించి ఉంటే ఇద్దరికీ సుఖంగా ఉండేది. నేను మాత్రం అబద్ధం చెప్పను. బోరు ఎండిపోయిన ఊళ్లలో చదువంటే ఉద్యోగం అనుకోవడం తప్పు కాదు. కానీ పెద్ద ఊరి పిల్లలకి ఆశ్చర్యపోయే హక్కుంది, మన పిల్లలకి మాత్రం అప్లికేషన్ నింపే తెలివి చాలు అని ఎవరైనా అంటే, వాళ్ల ముఖాన అడ్డంగా మాట్లాడండి. నేను మాట్లాడాను. అందుకే ఏ ప్రిన్సిపాలూ నన్ను ఎక్కువకాలం భరించలేదు.

ఈశ్వరి ముగ్గు

ధర్మవరంలో నా చివరి ఏళ్లలో ఈశ్వరి నా దగ్గర ఫైనలియర్ ప్రాజెక్టు చేసింది. వాళ్లది కనగానపల్లి పక్కన పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు. ఆ పిల్లకు ఎమ్మెస్సీ చదవాలని ఉంది. ప్రాజెక్టులో ఫస్ట్ క్లాస్ మార్కులు వస్తేనే హాస్టలున్న యూనివర్సిటీలో సీటు వస్తుంది. హాస్టల్ లేకపోతే చదువు లేదు. ఇది నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

వెనక బెంచీ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పే పని ఈశ్వరికి అప్పగించాను. ఎలక్ట్రాన్‌ను చూపలేం. కానీ అదే ఆకారంలో ఒక ఉక్కు రేకు కోసి మోగిస్తే, ఆ రేకులో పుట్టే అల కూడా చాలావరకు అలాగే నడుస్తుంది. హిందూపురంలో మా ఇంటి దగ్గరి వెల్డింగు షాపులో రేకు కోయించాను, మూడు మూలలు సరిగ్గా, ఒక మూల గుండ్రంగా. సౌండ్ సర్వీసు వాళ్ల దగ్గర పాత స్పీకరు తెచ్చి, మధ్యలో బోల్టు అతికించి, దాని మీద రేకు బిగించాం. ఫోనులోంచి ఒకే కూతను స్పీకరుకు పంపి, దాని శ్రుతి పెంచుతూ పోతే, ఒక్కొక్క చోట రేకు కుయ్యిమని అరుస్తుంది. దాని మీద చల్లిన పొడి రేకు కదలని గీతల మీదికి చేరుతుంది.

మొదట క్యారమ్ బోర్డు పౌడరే చల్లాం. మరీ మెత్తటి పొడి, రేకు పైన లేచే గాలికి కొట్టుకుపోయి ఉండకూడని చోట చేరింది. అప్పుడు ఈశ్వరి ఇంటినుంచి బరక ముగ్గుపిండి తెచ్చింది. అది బాగా పనిచేసింది. రేకు అరుపులకు ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమి మేడమ్, ఇది కాలేజా, తిర్నాలా?"

"తిర్నాలే సార్. చూసిపోండి" అన్నాను.

వారం తిరక్కుండా ఈశ్వరి ఫొటోలు తెచ్చింది. గీతలు ఎంతో అందంగా ఉన్నాయి, కానీ అన్నీ కలిశాయి. గుండ్రం మూల ఉన్న రేకు మీద అలా కలవకూడదు. నేను ఇన్నేళ్లు చదివిందంతా తప్పా అనుకున్నాను. ల్యాబుకు వెళ్లి రేకు మీదికి వంగి చూశాను. గీతలు కలిసిన ప్రతిచోటా పిండి కాస్త మందంగా ఉంది, వేలిముద్ర అంత మేర.

"ఏమి పాపా, ఈడ పిండి లావుగా ఉండాది?"

"ఆడ తెగిపోయిండె మేడమ్. నేను కలిపినా" అంది, మెచ్చుకుంటానని చూస్తూ.

"యాల కలిపినావు?"

"తెగిన ముగ్గు ఉంచితే మా అవ్వ ఊరుకోదు మేడమ్. వాకిట్లో గీత తెగితే ఇంటికి మంచిది కాదంటాది. చూస్తాంటే నా చెయ్యి నిలవలేదు."

పగలబడి నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది. కానీ నవ్వు ఆగాక పెనుకొండ ల్యాబు గుర్తొచ్చింది. పెనుకొండ పిల్లాడు తెలిసి చేసిన పనే ఈ పిల్ల చెయ్యి తెలియకుండా, ప్రేమగా చేసింది. మార్కుల కోసం కాదు, మోసం అని అనుకోనూ లేదు. తెగిన చోటే మా జవాబు ఉంది. సరిగ్గా ఆ చోటే పూడ్చేసింది.

"కడిగెయ్. చేతులు ఎనక్కి కట్టుకోని నిలబడు" అన్నాను.

మళ్లీ పిండి చల్లాం. శ్రుతి పెంచాం. పిండి గీతలుగా చేరడం మొదలుపెట్టింది. ఈశ్వరి చేతులు వెనక కట్టుకుని ముందుకు వంగి చూస్తోంది.

"మేడమ్, దగ్గరికి వస్తాండాయి... వస్తాండాయి... అయ్యో, తిరుక్కోని పోయినాయి!"

అంత ఆనందంగా 'అయ్యో' అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ప్రిన్సిపాల్ రెండు రకాల ఫొటోలూ చూసి, కలిపినవే బాగున్నాయన్నాడు. "ఇవే పెట్టండి మేడమ్. ఇంకోటి చూస్తే పని సగంలో ఇడిసినట్ల ఉండాది" అన్నాడు. నా గొంతు కారిడార్ దాటి వినబడిందని తర్వాత అటెండరు చెప్పాడు. రిపోర్టులో తెగిన గీతలే పెట్టాం. కలిపిన ఫొటో ఒకటి కూడా పెట్టి, ఇది నా చేత్తో కలిపింది అని ఈశ్వరి కింద రాసింది. అలా రాయమని నేను చెప్పలేదు.

వైవా

వైవాకు వేరే కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. రిపోర్టు తిరగేసి, కలిపిన ఫొటో దగ్గర ఆగి, "ఇది బాగుందమ్మా, పుస్తకంలో ఉన్నట్టుంది" అన్నాడు. తెగినవి చూసి పెదవి విరిచాడు. "రేకు సరిగ్గా చదును కాలేదు. పొడి చల్లడం రాలేదు."

"సార్, మీరే చల్లండి" అన్నాను.

ఆయన కోటు చేతులు మడిచి తనే చల్లాడు, తనే ఫోనులో శ్రుతి మార్చాడు. గీతలు దగ్గరికొచ్చి తప్పుకున్నాయి. తుడిచి మళ్లీ చల్లాడు. మళ్లీ తప్పుకున్నాయి. ఆయన ముఖంలో ఒక్క క్షణం చిన్నపిల్లాడు కనిపించాడు. మరుక్షణం వాచీ చూసుకున్నాడు.

"సరేలే. అయినా ఈ రేకు క్వాంటం కాదు కదమ్మా?"

"కాదు సార్" అంది ఈశ్వరి. "ఉక్కు ఉక్కే. ఈ ఆకారంలో స్ట్రైకరు ఒక రకంగా పోతాది, అల ఇంకో రకంగా నిలుస్తాది. ఆ తేడా ఒక్కటే చూపిస్తాండా. ఎలక్ట్రాన్ కూడా అలే కాబట్టి దాని గీతలూ ఇట్లే తప్పుకుంటాయని లెక్కలు చెప్తాండాయి."

నేను చెప్పినా అంత బాగా చెప్పేదాన్ని కాదు. ఆయన తల ఊపాడు. తర్వాత గొంతు తగ్గించి, నిజంగా సాయం చేస్తున్నాననే అనుకుంటూ అన్నాడు. "చూడమ్మా, పైన ఈ ప్రాజెక్టును మళ్లీ చూసేవాళ్లు ఉంటారు. ఈ తెగిన గీతలు చూస్తే నన్ను అడుగుతారు. కలిపిన ఫొటో కింద రాసిన ఆ వాక్యం కొట్టేసి, అదే ముందు పెట్టు. ఫస్ట్ క్లాస్ వేసి పోతాను."

ఈశ్వరి నా వైపు చూసింది. నేను నోరు తెరవలేదు. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ, అందులో అదొకటి. ఏం చెప్పాలో తెలియక కాదు. పోయేది ఆమె సీటు, నాది కాదు. నా మొండితనానికి ఆమె చదువు పెట్టుబడి పెట్టే హక్కు నాకు లేదు.

"అవి కలవలేదు సార్" అంది. "ఒకసారి నేను కలిపినా. మల్ల కలపను."

ఆయన పాస్ మార్కులు వేసి వెళ్లిపోయాడు. గేటు దాకా వెంటపడి పోట్లాడాను. "మీ పిల్లల భవిష్యత్తు మీరే పాడు చేస్తున్నారు మేడమ్" అన్నాడు. "పాడు చేసింది ఎవరో మీ చేతికంటిన పిండినడగండి" అన్నాను. ఏం లాభం? సీటు పోయింది.

ఇక్కడ మీరు నన్ను అడుగుతారని తెలుసు. ఒక ఫొటో కోసం ఒక పేదింటి పిల్ల సీటు పోగొట్టుకోవాలా? ఆ ప్రశ్న నన్ను అడక్కండి. సీటు ఇవ్వాలంటే అబద్ధం పెట్టమన్నవాణ్ణి అడగండి. మనం ఎప్పుడూ తప్పు మనిషినే అడుగుతాం, అందుకే గుండు ఊడిన లోలకానికి ఇంకా మొదటి మార్కులు వస్తున్నాయి.

పెనుకొండ, మళ్లీ

ఈశ్వరి ఇప్పుడు పెనుకొండలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతోంది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు చదివే బడి. ఎంట్రెన్సుకు మళ్లీ చదువుతోంది, ఈసారి మార్కుల్లో ప్రాజెక్టు వాటా లేని చోటికి. రేకు ఆమెకే ఇచ్చేశాను. మొన్న రమ్మని పిలిస్తే హిందూపురం నుంచి బస్సెక్కి వెళ్లాను.

పిల్లలంతా బల్ల చుట్టూ మూగి ఉన్నారు. రేకు అరుస్తోంది, పక్క క్లాసు టీచరు కిటికీలోంచి కోపంగా చూస్తోంది. పిండి గీతలయ్యింది. రెండు గీతలు దగ్గరికొచ్చి, తప్పుకుని ఆగాయి. ముందు నిలబడ్డ ఒక పాప నాలుక కొరుక్కుంటూ చూసి, చిటికెడు పిండి తీసుకుని ఆ సందు మీదికి చెయ్యి చాపింది.

ఈశ్వరి ఆ చెయ్యి పట్టుకుంది.

"అది కలిసిందా?"

"లేదు టీచర్."

"మల్ల నువ్వెవురు కలిపేదానికి?"

పాప పిండి కింద పోసేసి, చేతులు వెనక్కి కట్టుకుంది. కాసేపు చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"టీచర్, ఎందుకు కలవలేదు?"

ఈశ్వరి నా వైపు చూసి నవ్వింది. ఆ పరీక్షకుడు వేయని ఫస్ట్ క్లాస్ ఆ ప్రశ్నలో ఉంది.